సీమ అంటే కారం, కొడవలి మాత్రమేనా? మన ఊళ్ళ తిండి, మన సినిమా జ్ఞాపకాలు రాయండి

గడియారస్తంభం (అనంతపురం)

హైదరాబాదులో గానీ బెంగళూరులో గానీ ఇప్పుడు సీమ వంటల హోటల్ లేని పేట లేదు. అది సంతోషమే. కానీ లోపల అడుగు పెడితే గోడ మీద వేటకొడవలి బొమ్మ, వేపుళ్ళకు బాంబుల పేర్లు, ఏది తెచ్చిపెట్టినా నూనెలో తేలే ఎర్రటి కారం. ఈ మధ్య మా ఆఫీసు పిల్లలు నన్ను అట్లాంటి చోటికి తీసుకుపోయి, ‘సార్, మీ ఊళ్ళో రోజూ తినేది ఇదే కదా’ అని అడిగారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు తెలిసిన సీమ అంతే. నాకు మాత్రం బాధేసింది.

మా ఇంట్లో రోజూ తిన్నది సంగటి, ఏదో ఒక పప్పు, చెనక్కాయల చట్నీ, మజ్జిగ. మాంసం ఆదివారమో, పండగో, చుట్టాలు వచ్చినప్పుడో. సినిమాల సంగతీ అంతే. సుమోలు గాల్లోకి లేచే సినిమాలు రాకముందు కూడా మన ఊళ్ళలో జనం విరగబడి సినిమాలు చూశారు. ఆ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

అందుకే అడుగుతున్నా. చిన్నప్పుడు మీ ఊళ్ళో ఏం తిన్నారు, ఏం చూశారు, ఎక్కడ కూర్చుని చూశారు? ఉన్నది ఉన్నట్టు రాయండి. హీరోల అభిమానుల కొట్లాటలు, పార్టీల సంగతులు వద్దు.

హంద్రీ గట్టు (కర్నూలు)

నేను ఉగ్గానితో మొదలుపెడతా అన్నా. బయటి ఊళ్ళలో దీన్ని చేసే తీరు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. బొరుగులు నీళ్ళలో వేసి వెంటనే పిండి తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే ముద్దయిపోతుంది. తిరగమాతలో ఎర్రగడ్డలు, దంచిన పచ్చిమిరపకాయ, పసుపు వేసి బొరుగులు కలపాలి. చివర్లో పుట్నాలు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ కలిపి కొట్టిన పొడి చల్లి నిమ్మకాయ పిండాలి. ప్రాణమంతా ఆ పొడిలోనే ఉంది. అది వేయని ఉగ్గాని నాకు సగం వండి వదిలేసినట్టు ఉంటుంది. పక్కన మిరపకాయ బజ్జీ ఎట్లాగూ ఉండాల్సిందే.

ఇది కూలి పనికి పోయేవాళ్ళు, మార్కెట్లో మూటలు మోసే హమాలీలు పొద్దున్నే కడుపు నింపుకునే తిండి. చవక, తేలిక, అప్పటికప్పుడు తయారవుతుంది. పెద్ద ఊళ్ళ హోటళ్ళలో చిన్న గిన్నెలో పోసి, పైన పుదీనా ఆకు పెట్టి, సాయంత్రం పూట అమ్ముతున్నారు. పొద్దున ఏడింటికి పేపరు ముక్కలో వేడిగా తినకపోతే దాని అందం ఏం తెలుస్తుంది?

ఆదోని పత్తి (ఆదోని)

అన్నీ బాగా చెప్పావు గానీ టమాటా మరిచిపోయావు తమ్ముడూ.

హంద్రీ గట్టు (కర్నూలు)

మరిచిపోలేదు అక్కా, వేయం.

ఆదోని పత్తి (ఆదోని)

మా ఇంట్లో మా అవ్వ కాలం నుంచీ వేస్తారు. బళ్ళారి మాకు పక్కనే. అక్కడా ఇదే బొరుగుల తిండి ఉంది, వాళ్ళ చేతివాటం మాకూ కొంత అబ్బింది. ఒక టమాటా వేస్తే బొరుగులు పొడిబారకుండా ఉంటాయి, నిమ్మకాయ తక్కువ పడుతుంది. కర్నూలు వాళ్ళు వేయకపోతే అది మీ ఇష్టం, అంతమాత్రాన మాది ఉగ్గాని కాకుండా పోదు.

దేవుని కడప (కడప)

ఉగ్గాని మీరిద్దరూ తేల్చుకోండి, నేను కారం దోసె గురించి రాస్తా. హైదరాబాదులో ఒక చోట దోసె మీద ఎండుకారం పొడి చల్లి, నూనె పోసి ఇచ్చారు. తినలేక వదిలేశాను. కడపలో దోసెకు పూసేది ముద్ద. ఎండుమిరపకాయలు నానబెట్టి, తెల్లగడ్డ, ఎర్రగడ్డ, ఉప్పు వేసి మెత్తగా నూరతారు. దోసె పెనం మీద ఉండగానే ఆ ముద్ద పూసి, దాని మీద పప్పుల పొడి దట్టంగా చల్లి, నెయ్యో వెన్నో వేస్తారు. పప్పుల పొడి కారాన్ని లాగేసుకుంటుంది, ఎర్రగడ్డ తీపి ఇస్తుంది. అందుకే మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా మారాం చేయకుండా తింటారు. నోరు మండించడం ఆ దోసె ఉద్దేశమే కాదు. ఈ సంగతి తెలియనివాళ్ళు మొత్తం కడప అంటేనే మంట అనుకుంటున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఊరి గురించి సినిమాలు చూసి భయపడేవాళ్ళు ఒక్కసారి ఉగాది రోజు దేవుని కడపకు రావాలి. వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకుని వరసలో నిలబడతాయి. పెద్ద దర్గా ఉరుసుకు ఊళ్ళో ఎవరు ఏ మతమని చూడకుండా అందరం పోతాం. ఏ.ఆర్. రెహమాన్ ఆ దర్గాకు వస్తుంటాడని దేశమంతా తెలుసు. మేము కాలేజీలో ఉన్నప్పుడు ఆయన పాటల క్యాసెట్లు రికార్డింగ్ సెంటర్లో చెప్పి చేయించుకునేవాళ్ళం. ఖాళీ క్యాసెట్టు మనమే కొని, తెల్లకాగితం మీద పాటల వరస రాసిస్తే వారానికి తయారుచేసి ఇచ్చేవాళ్ళు. ఉరుసు రాత్రి మిఠాయి అంగళ్ళ మధ్య తిరుగుతుంటే ప్రతి అంగట్లోనూ ఆ పాటలే మోగేవి.

తాడిపత్రి బండ (తాడిపత్రి)

గడియారస్తంభం గారూ, మీరు ఈ చర్చ పెట్టినందుకు చాలా సంతోషం. నేను వయసులో మీ అందరికంటే పెద్దవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

‘సీమ సినిమా’ అనగానే కత్తులు, బాంబులు గుర్తుకు తెచ్చుకునేవాళ్ళకు నేను ఒకటే చెబుతాను. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి మా తాడిపత్రిలో పుట్టినవాడు. 1951లో ‘పాతాళ భైరవి’ తీసిందీ ఆయనే. ఆ రెండు సినిమాలూ నిర్మించిన విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన బి. నాగిరెడ్డిది కడప జిల్లా. మనమంతా బడిసంచీలో దాచుకుని చదివిన చందమామను 1947 జూలైలో మొదలుపెట్టింది కూడా ఆ ఇద్దరే. నాగిరెడ్డి అన్న బి.ఎన్. రెడ్డి 1951లోనే ‘మల్లీశ్వరి’ తీశాడు, కృష్ణదేవరాయల కాలాన్ని కళ్ళకు కట్టాడు. అన్నకు 1974 సంవత్సరానికీ, తమ్ముడికి 1986 సంవత్సరానికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. హాస్యనటుడు పద్మనాభం కూడా కడప జిల్లావాడే, సింహాద్రిపురం. అంటే తెలుగువాళ్ళకు నవ్వు, కల, సొగసు నేర్పిన సినిమాల్లో ఇన్ని సీమ చేతులున్నాయి. ఇంత ఉండగా మనల్ని మనం కొడవలి బొమ్మతో ఎందుకు గుర్తుపట్టుకోవాలి?

తిండి సంగతి అడిగారు కాబట్టి ఇది కూడా. మా చిన్నప్పుడు చుట్టుపక్కల పల్లెలకు టూరింగ్ టాకీసు వచ్చేది. పంట కోసిన చేలో డేరా వేసేవాళ్ళు. సాయంత్రం మైకులో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట వినపడితే టికెట్లు ఇవ్వబోతున్నారని గుర్తు. పొలాల నుంచి జనం పరుగున వచ్చేవాళ్ళు. ముందు నేల, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. మేము నేల మీద ఇసుక కుప్ప పోసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం, ముందువాళ్ళ తల అడ్డం రాకుండా.

‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు గారు ఒక్కడే కూర్చుని పెళ్ళివారి విందు లాగించే పాట వచ్చినప్పుడు డేరాలో చిన్నాపెద్దా అందరూ కేకలు. మా జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. వరి అన్నం పండగ నాడు మాత్రమే తినే ఇళ్ళు ఎన్నో. ఆ డేరాలో ఒళ్ళో బొరుగులు, వేయించిన చెనక్కాయలు పెట్టుకుని, తెర మీద అన్ని లడ్లు, అన్ని గారెలు వాటంతటవే నోట్లోకి ఎగిరిపోతుంటే చూసిన పిల్లలం మేము. ఆ ఆనందాన్ని మాకు ఇచ్చినవాడు మా ఊరివాడే అని అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడైనా తాడిపత్రి బళ్ళలో పిల్లలకు ఆయన పేరు చెప్పాలి, ఆ సినిమా వేసి చూపించాలి.

గడియారస్తంభం (అనంతపురం)

పెద్దాయనా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇట్లాంటివి వినాలనే ఈ చర్చ పెట్టింది.

గుంతకల్లు జంక్షన్ (గుంతకల్లు)

పెద్దలంటే గౌరవమే గానీ నాది వేరే అభిప్రాయం. నేను 1990ల్లో పుట్టినవాణ్ణి. నాకు సినిమా జ్ఞాపకం అంటే ఆ ఫ్యాక్షన్ సినిమాలే. తెల్లవారుజామున బెనిఫిట్ షో, కాగితాలు చింపి గాల్లోకి ఎగరేయడం, కటౌట్‌కు పాలు పోయడం, తెర మీద మన ఊరి పేరు వినపడితే హాలు మొత్తం లేచి నిలబడడం. అంతకుముందు మన ఊళ్ళ పేర్లు తెలుగు సినిమాలో ఎంత వినపడేవి? కథలన్నీ గోదావరి గట్టు మీదే కదా. హీరో మన యాసలో నాలుగు మాటలు మాట్లాడితే మాకు ఒళ్ళు పులకరించేది. ఆ సినిమాల్లో హింస ఎక్కువ, ఒప్పుకుంటా. కానీ నా పదేళ్ళప్పటి సంతోషాన్ని వెనక్కి ఇచ్చేయమంటే ఇవ్వలేను.

హంద్రీ గట్టు (కర్నూలు)

జంక్షన్ తమ్ముడూ, నువ్వు చెప్పినదాంట్లో నిజం ఉంది. 2003 సంక్రాంతికి ‘ఒక్కడు’ వచ్చినప్పుడు కొండారెడ్డి బురుజు సీనుకు మా ఊళ్ళో హాళ్ళు ఎట్లా ఊగిపోయాయో నాకు బాగా గుర్తు. మేము రోజూ సైకిల్ మీద దాటిపోయే బురుజు అది. తెర మీద చూసేసరికి కొత్తగా కనపడింది. అప్పటి నుంచి బయటి ఊరివాళ్ళు ఎవరొచ్చినా బురుజు ముందు నిలబడి ఫొటో తీసుకోకుండా పోరు. తర్వాత 2020 సంక్రాంతికి వచ్చిన ఒక పెద్ద సినిమా కోసం హైదరాబాదులో బురుజు సెట్టే వేశారు.

నా బాధ ఒక్కటే. ఫొటో తీసుకునేవాళ్ళలో ఎంతమందికి అది విజయనగర రాజుల కాలంనాటి కోటలో మిగిలిన భాగమని తెలుసు? 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఈ ఊరే అని ఎంతమందికి తెలుసు? సినిమా మన ఊరిని చూపించింది, మంచిదే. చూపించిన ఆ ఒక్క ముక్కే ఊరంతా అనుకుంటే ఎట్లా?

గుంతకల్లు జంక్షన్ (గుంతకల్లు)

ఆ మాటకు నేనూ కట్టుబడతా అన్నా. కొడవలి బొమ్మ హోటళ్ళు నాకూ నచ్చవు. బయట ఊరిపేరు చెప్పగానే ‘బాంబులు ఉన్నాయా’ అని అడిగేవాళ్ళు నాకూ తగిలారు.

కేసీ కాలువ (నంద్యాల)

అన్నలూ, మీరంతా హోటళ్ళు, హాళ్ళు అంటున్నారు. మాకు, అంటే ఆడపిల్లలకు, ఆ రెండూ తక్కువే. బజ్జీల బండి దగ్గర నిలబడి తినడం మా చిన్నప్పుడు కుదిరే పని కాదు. సినిమాకు పోవాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు తోడు రావాలి. కాబట్టి నా జ్ఞాపకాలన్నీ ఇంటివి, వీధివి.

జొన్నరొట్టె గురించి ఎవరూ రాయలేదు, ఆశ్చర్యంగా ఉంది. వేడినీళ్ళతో పిండి తడిపి, అరచేత్తో తట్టి తట్టి, పెనం మీద వేసి పైన తడిచెయ్యి రాస్తే పొంగే రొట్టె. మా అమ్మ తడుతుంటే ఆ చప్పుడుకే ఆకలి పుట్టేది. దాంట్లోకి గుత్తి వంకాయ, లేదంటే చెనక్కాయల పొడి, పచ్చి ఎర్రగడ్డ. మాకు కాలువ నీళ్ళున్నాయి కాబట్టి వరి పండుతుంది, అయినా రాత్రికి రొట్టె ఉండాల్సిందే. ఇప్పుడు షుగర్ వచ్చిందని డాక్టర్లు చెబితే నగరాల్లో జొన్నరొట్టె కొనుక్కుని తింటున్నారు. మా అమ్మ జీవితమంతా పొయ్యి ముందు కూర్చుని చేసిన పనికి ఇప్పుడు విలువ దొరికింది. ఆమె ఉన్నప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు.

సినిమా అంటే మాకు వినాయక చవితి. వీధిలో చందాలు వేసుకుని టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి రాత్రంతా క్యాసెట్లు వేసేవాళ్ళు. మొదట దేవుడి సినిమా, తర్వాత హీరోది, తెల్లవారేలోపు ఏదో ఒక పాత నలుపు తెలుపు సినిమా. ఆడవాళ్ళం చాపలు పరుచుకుని అరుగుల మీద. ఎవరింట్లోంచి ఎవరు తెచ్చారో తెలియకుండా మురుకులు, నిప్పట్లు, కొబ్బరి ఉండలు చేతులు మారేవి. కరెంటు పోతే అందరం కలిసి ‘అయ్యో’ అనేవాళ్ళం, వస్తే చప్పట్లు. శుక్రవారం చిత్రలహరి వచ్చే అరగంట, ఆదివారం రామాయణం, మహాభారతం వచ్చే సమయం కూడా అట్లాగే. టీవీ ఉన్న ఇల్లు వీధి మొత్తానికీ ఇల్లే.

దేవుని కడప (కడప)

చెల్లెమ్మా, మీ అమ్మగారి గురించి రాసింది చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. రేడియో సంగతి కూడా మీకు గుర్తుండే ఉంటుంది. ఆకాశవాణి కడప కేంద్రం అని వినపడితే మా ఇంట్లో పొయ్యి మీద పని, రోటి దగ్గర పని ఆగకుండానే అందరి చెవులూ అటే ఉండేవి. రైతుల కార్యక్రమం మా నాయనకు, పాటలు మాకు.

హిందూపురం బస్సు (హిందూపురం, ఇప్పుడు బెంగళూరులో)

మా వైపు సంగతి మీ అందరికంటే వేరు. మాకు బెంగళూరు పక్క ఊరు లాంటిది. ఇంటి మీద యాంటెనా తిప్పితే కన్నడ కార్యక్రమాలు వచ్చేవి. రాజ్‌కుమార్ సినిమాలు, ఎన్టీఆర్ సినిమాలు రెండూ మావే అనుకుని పెరిగాం. తిండిలోనూ అంతే. అయ్యంగార్ బేకరీ దిల్‌పసంద్, వెన్న రాసి కాల్చిన బన్ను, కారం బిస్కెట్లు తినకుండా మా బడి రోజులు లేవు. పండగకు ఓళిగలు, మధ్యాహ్నానికి చిత్రాన్నం, రాత్రికి రాగి సంగటి. నన్ను సీమ తిండి అంటే ఏమిటని అడిగితే ఇవన్నీ కలిపి చెబుతాను. కర్నూలు వైపు పాత నవాబుల ఊళ్ళ బిర్యానీ, పాయా ఉన్నాయి, కడప వైపు అలసంద వడలు, నాటుకోడి ఉన్నాయి, మావైపు కన్నడ గాలి ఉంది. ఒక బోర్డు కింద ఇన్ని ఇమడవు. ఒక్క పచ్చిమిరపకాయ బొమ్మ వేసి సరిపెట్టుకుంటే అన్యాయం.

హంద్రీ గట్టు (కర్నూలు)

అందరూ దాచుకున్నవాటి గురించి రాస్తుంటే నాకు పోగొట్టుకున్నవి గుర్తొస్తున్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మా ఇంట్లో కిందిగది మొత్తం బురద. మా నాయన సినిమా పాటల పుస్తకాలు కొని దాచేవాడు. హాలు బయట చవగ్గా అమ్మేవాళ్ళే, కథ సగం రాసి ‘మిగతాది వెండితెర మీద చూడండి’ అని ముగించేవి, ఆ పుస్తకాలు. పెద్ద ట్రంకు పెట్టె నిండా ఉండేవి, పాత చందమామలు కూడా. నీళ్ళు దిగాక పెట్టె తెరిస్తే అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా అయిపోయాయి. ఒక్కో పేజీ విడదీసి దండెం మీద ఆరేయడానికి మా నాయన చాలా కష్టపడ్డాడు, కొన్ని మాత్రమే దక్కాయి. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఫొటో ఆల్బములు, పెళ్ళి క్యాసెట్లు ఇట్లాగే పోయాయో. అందుకే మీ దగ్గర పాత పాటల పుస్తకాలు, హాలు టికెట్లు, సినిమా కరపత్రాలు ఏవున్నా దయచేసి ఫోనుతో ఫొటోలు తీసి పెట్టండి. జట్కా బండికి రెండువైపులా పోస్టర్లు కట్టి, మైకులో అరుస్తూ కరపత్రాలు పంచేవాళ్ళు గుర్తుందా? ఆ రంగు కాగితాలు ఒక్కటైనా ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చూడాలని ఉంది.

తాడిపత్రి బండ (తాడిపత్రి)

నాయనా, నా దగ్గర పాటల పుస్తకాలు కొన్ని ఉన్నాయి, 1960ల నాటివి. మా మనవరాలితో ఫొటోలు తీయించి ఇక్కడ పెడతాను. మీ నాయనగారికి చూపించు.

హంద్రీ గట్టు (కర్నూలు)

తప్పకుండా పెద్దాయనా. ఆయనకు ఇప్పుడు చూపు కాస్త తగ్గింది, నేనే చదివి వినిపిస్తా.

హిందూపురం బస్సు (హిందూపురం, ఇప్పుడు బెంగళూరులో)

ఒక చిన్న సందేహం. ఇదంతా చదివాక ఈ ఆదివారం ఉగ్గాని చేద్దామని బెంగళూరులో బొరుగులు తెచ్చా. ముందుగా కొంచెం చేసి చూస్తే నీళ్ళలో వేయగానే పిండి పిండి అయిపోయాయి. ఏం చేయాలి?

ఆదోని పత్తి (ఆదోని)

అవి భేల్‌పూరీకి వాడే పలచటి బొరుగులు తమ్ముడూ, నీళ్ళకు ఆగవు. గింజ లావుగా, నోట్లో వేసుకుంటే కాస్త ఉప్పగా ఉండే రకం అడుగు. బళ్ళారి, దావణగెరె నుంచి సరుకు తెప్పించే అంగళ్ళలో దొరుకుతాయి. దొరక్కపోతే ఉన్నవాటినే జల్లెడలో పోసి పైన నీళ్ళు చిలకరించు, గిన్నెలో ముంచొద్దు. పొడి మాత్రం పొయ్యి ఆపేశాకే కలుపు, ముందే వేస్తే అడుగంటుతుంది. టమాటా వేస్తావో లేదో నీ ఇష్టం, నేనైతే ఒకటి వేయమనే చెబుతా.

హంద్రీ గట్టు (కర్నూలు)

వద్దన్నా, నిమ్మకాయ చాలు.